ఎరువు వేసే ముందు గుంత తవ్వండి: చెల్కలో, రేగడిలో పోషకాలకు దారి ఉందో లేదో చూసుకోవడం ఎలా

పోయిన వానాకాలం మా చెల్కలో (ఇసుకపాలు ఎక్కువున్న తేలికపాటి ఎర్రనేలలో) పత్తి మోకాలెత్తు రాకముందే పసుపు తిరిగింది. అప్పటికే రెండు దఫాలు యూరియా వేసి ఉన్నాం. ఎరువుల దుకాణంలో అడిగితే ఆకు కూడా చూడకుండా "ఇంకో బస్తా పడాలె అన్నా" అన్నారు. వేశాం. వారం రోజులు పచ్చగా కనబడి మళ్లీ మొదటికే వచ్చింది. కోపంతో ఒక మొక్కను పట్టి పీకితే సంగతి బయటపడింది. తల్లివేరు ఆరంగుళాలు దిగి, అక్కడినుంచి కాలు మడుచుకున్నట్టు పక్కకు తిరిగి ఉంది. గడ్డపార తెచ్చి తవ్వాను. సరిగ్గా ఆ లోతులో మన్ను అప్పడాల కట్టలా పొరలు పొరలుగా గట్టిపడి ఉంది, నాలుగు వేళ్ల మందాన. దాని కింద మాత్రం మెత్తటి ఎర్రమన్ను, చేతికి చల్లగా తగిలింది. ఐదేళ్లుగా ఏడాదికి రెండుసార్లు రోటవేటర్ (ట్రాక్టర్ వెనక గిర్రున తిరుగుతూ మన్నును పిండి చేసే యంత్రం) కొట్టించి ఆ పొరను తయారు చేసింది నేనే.

ఇంట్లో భూసార పరీక్ష కార్డు ఉంది. 2015లో మొదలైన ఈ కార్డులో 12 అంశాలుంటాయి: నత్రజని, భాస్వరం, పొటాష్, గంధకం, జింకు, ఇనుము, రాగి, మాంగనీసు, బోరాన్, ఉదజని సూచిక (పీహెచ్), లవణాలు, సేంద్రియ కర్బనం. అన్నీ ఎంత ఉంది అనే లెక్కలే. ఆ ఉన్నది వేరు దాకా వచ్చే దారి ఉందా అని అడిగే గడి అందులో లేదు. కార్డు తప్పని అనడం లేదు, అది కూడా కావాలి. కానీ ఆ లేని గడిని మనమే నింపుకోవాలి. ఒక పూట పని. గడ్డపార, పార, ఇంట్లో పాత చాకు, రెండు గాజు గ్లాసులు, ఒక పైపు ముక్క ఉంటే చాలు.

ముందుగా మూడు గుంతలు

మంచి వాన పడ్డ రెండు మూడు రోజులకు, మన్ను పదునులో ఉన్నప్పుడు తవ్వండి. ఎండాకాలం రాయిలా ఉన్నప్పుడు తవ్వితే అంతా గట్టిగానే కనబడుతుంది, బురదలో తవ్వితే అంతా మెత్తగానే కనబడుతుంది. రెండూ అబద్ధమే.

ఒక గుంత పంట బాగున్న చోట, ఒకటి పంట కుంటుపడ్డ చోట, మూడోది గట్టు పక్కన. ఆ మూడో గుంతను మాత్రం వదిలేయకండి. గట్టు కింద నాగలి పడదు, ట్రాక్టర్ టైరు ఎక్కదు, గడ్డి వేళ్లు ఏళ్ల తరబడి అక్కడే ఉంటాయి. మీ భూమి అసలు రూపు అక్కడ దొరుకుతుంది. మిగతా రెండింటినీ దాని పక్కన పెట్టి చూడాలి.

వెడల్పు మూరెడు, లోతు మూరన్నర చాలు. నల్లగొండ చెల్కల్లో చాలా చోట్ల అంతకుముందే మొరం (కంకర పొర) తగులుతుంది. తగిలితే ఆ లోతు రాసిపెట్టుకోండి, మీ పంట వేళ్లకున్న ఇల్లు అంతే. గుంత ఒక గోడను పారతో నిలువుగా చెక్కండి. పార చెక్కిన చోట మన్ను నున్నగా రాసుకుపోయి సందులు మూసుకుంటాయి కాబట్టి, ఆ నున్నటి పొరను చాకు మొనతో కొంచెం కొంచెం పెళ్లగించి తీసేయండి. ఇప్పుడు అసలు గోడ కనబడుతుంది.

చాకును పైనుంచి కిందికి రెండు వేళ్ల ఎడంతో గుచ్చుకుంటూ రండి. వెన్నలో దిగినట్టు దిగుతున్న చాకు ఒక చోట ఆగిపోయి, దాన్ని దాటాక మళ్లీ తేలిగ్గా దిగిందంటే అదే గట్టి పొర. ఎంత లోతున మొదలైంది, ఎంత మందం ఉందో టేపుతో కొలవండి. ఆ లెక్క తర్వాత అవసరమవుతుంది.

తర్వాత వేళ్లు చూడండి. పెళ్లల లోపలికి దూరి ఉన్నాయా, లేక పెళ్లకీ పెళ్లకీ మధ్య సందులోనే చదునుగా నలిగి పాకాయా? సందులోనే పాకితే ఆ పెళ్ల లోపల ఎంత భాస్వరం ఉన్నా అది తాళం వేసిన గాదెలో ధాన్యమే. ఎర్రలు (వానపాములు) కనబడుతున్నాయా? అవి చేసిన బొక్కలు పైనుంచి కిందిదాకా ఉన్నాయా?

ఆఖరున ఒక పార మన్నును నడుమెత్తు నుంచి గట్టి నేల మీద పడేయండి. పెసరగింజ నుంచి శనగగింజ సైజులో రవ్వలు రవ్వలుగా విడిపోతే మీ మన్ను ఆరోగ్యంగా ఉన్నట్టు. పలకలుగా విరిగితే అణిగిపోయినట్టు. పొడిపొడిగా దుమ్ములా రాలిందంటే కట్టు లేనట్టు. దున్ని దున్ని పిండి చేసిన చెల్క ఎక్కువగా ఇలాగే ఉంటుంది. చూడటానికి బాగుంటుంది, మొదటి గట్టి వానకే పైన చెక్కులా బిగుసుకుంటుంది.

పెళ్లను నీళ్లలో వేయండి

గట్టు గుంత నుంచి ఒక పెళ్ల, చేను గుంత నుంచి ఒక పెళ్ల తీసి నీడలో రెండు రోజులు ఆరబెట్టండి. రెండు గ్లాసుల్లో వాన నీళ్లుగానీ ఫిల్టర్ నీళ్లుగానీ పోయండి. బోరు నీళ్లు వద్దు. అందులోని ఉప్పు మన్నులోని దోషాన్ని దాచిపెడుతుంది. ఉసిరికాయంత పెళ్లను మెల్లగా వదలండి.

మొదటి ఐదు నిమిషాల్లో పెళ్ల కుప్పకూలితే దానిలో రేణువులను పట్టి ఉంచే జిగురు లేదని అర్థం. ఆ జిగురు పెంట చివికినప్పుడు, వేళ్లు ఊరినప్పుడు, బూజు పోగులు అల్లుకున్నప్పుడు తయారవుతుంది. ఏ బస్తాలోనూ దొరకదు. గట్టు పెళ్ల మాత్రం చాలాసార్లు మర్నాటి దాకా అలాగే కూర్చుని ఉంటుంది. మొదటిసారి చూసినప్పుడు మా అమ్మ నమ్మలేదు, గట్టు పెళ్లలో సిమెంటు కలిపావా అంది.

గ్లాసును కదపకుండా మర్నాటి దాకా ఉంచండి. పెళ్ల చుట్టూ నీళ్లు పాలలా మసకబారి, ఎంతకీ తేరకపోతే సమస్య వేరు. అక్కడ సోడియం ఉంది, చౌడు మొదలైంది. నల్లగొండ బోరు నీళ్లంటే అందరికీ ఫ్లోరైడే గుర్తొస్తుంది. ఫ్లోరైడ్ ఎక్కువున్న నీళ్లలో చాలా చోట్ల సోడియం బైకార్బనేట్ కూడా ఉంటుంది. మన పళ్లకు చేటు ఒకటైతే మన్నుకు చేటు ఇంకొకటి. సోడియం రేణువులను విడగొడుతుంది, విడిపోయిన సన్న రేణువులు సందుల్లో ఇరుక్కుని దారి మూసేస్తాయి. గ్లాసులో మసక కనబడితే మన్నుతో పాటు బోరు నీళ్లను కూడా పరీక్షకు పంపండి. నాగర్‌కర్నూల్ జిల్లా పాలెంలో, నల్లగొండ జిల్లా కంపసాగర్‌లో వ్యవసాయ పరిశోధన స్థానాలున్నాయి. దగ్గర్లోని కృషి విజ్ఞాన కేంద్రంలో అడిగినా ఎక్కడ ఇవ్వాలో చెబుతారు.

పైపు ముక్క, సున్నపు నీళ్లు

6 అంగుళాల వెడల్పున్న పైపు ముక్క ఒకటి సంపాదించండి. బోర్ల మీద బతికే మన ఊళ్లలో పాత పైపు ముక్కలకు కరువు లేదు. అడుగు పొడవు చాలు. కట్టె అడ్డం పెట్టి కొడుతూ నేలలోకి 3 అంగుళాలు దిగేయండి. లోపల మన్నును కదపొద్దు. ఒక ఆకునో ప్లాస్టిక్ కవరునో పరిచి, దాని మీదుగా అంగుళం ఎత్తు నీళ్లు పోయండి. సుమారు 460 మిల్లీలీటర్లు, అంటే అర లీటరుకు కాస్త తక్కువ. కవరు తీసేయండి. ఆ నీళ్లు ఇంకాక మళ్లీ అంతే పోసి ఈసారి ఫోన్‌లో టైమ్ పెట్టండి. మొదటిసారి ఎండిన మన్ను ఆత్రంగా తాగుతుంది కాబట్టి అది లెక్కలోకి రాదు.

అంగుళం నీరు పది నిమిషాల్లో మాయమైతే నీళ్లతో పాటు ఎరువు కూడా జారిపోయే నేల అది. అరగంట నుంచి గంటన్నర మధ్య పడితే ఇంకడం బాగున్నట్టే. తడిసి ఉబ్బిన నల్లరేగడిలో ఐదు గంటలు పట్టినా ఆశ్చర్యం లేదు. కానీ చెల్కలో మూడు గంటలు పట్టిందంటే పైన చెక్కు కట్టిందనో, కింద పొర ఉందనో అర్థం. వాన పడితే నీళ్లు లోపలికి పోవు, పైపైనే ఎరువును కూడా తీసుకుని వాగులో కలుస్తాయి. పాత పాలమూరు (మహబూబ్‌నగర్) జిల్లాలో ఏడాది వాన 600 మిల్లీమీటర్లు అటూ ఇటూ. అది కూడా కొన్ని గట్టి వానల్లోనే వచ్చి పడుతుంది. అలాంటి చోట వాన నీళ్లు బయటికి పోతే ఎరువు పోయిన నష్టం కన్నా అదే పెద్ద నష్టం.

ఇప్పుడు నాకు ఇష్టమైన పని. గుప్పెడు సున్నాన్ని బకెట్ నీళ్లలో పాలలా కలిపి అదే పైపులో రెండుమూడు చెంబులు పోసి వదిలేయండి. మర్నాడు పైపు తీసి, ఆ చోటును నడిమధ్యకు పారతో నిలువుగా కోయండి. సన్న సందులు సున్నాన్ని వడకట్టి ఆపేస్తాయి, పెద్ద దారులు మాత్రం తెల్లగా మారతాయి. గట్టు దగ్గర కోస్తే పాత వేరు బొక్కల వెంట, ఎర్రల బొక్కల వెంట తెల్లదారాలు కిందిదాకా వేలాడుతుంటాయి. రోటవేటర్ చేనులో కోస్తే సున్నం మూతలా పైనే పరుచుకుని ఉంటుంది. గద్వాల వైపు మా బావ వాళ్ల రేగడిలో ఇదే చేస్తే, ఒక పగులు వెంట తెల్లటి గోడ మూరెడు లోతుకు దిగి, ఆ పక్క పెళ్లలు చుక్క సున్నం అంటకుండా నల్లగా నిలబడ్డాయి. "నా డీఏపీ కూడ గిట్లనే పాతాళానికి పోయినట్టుంది బావా" అన్నాడు. డీఏపీలో ఎక్కువున్నది భాస్వరం, అది అంత తేలిగ్గా పోదు, పోయేది యూరియా అని చెప్పాల్సి వచ్చింది.

ఏది ఎట్లా నడుస్తుంది

మన్నులోని సన్న రేణువుల మీద రుణావేశం ఉంటుంది. నైట్రేట్ (పంట ఎక్కువగా తీసుకునే నత్రజని రూపం) మీదా అదే ఆవేశం, కాబట్టి మన్ను దాన్ని పట్టుకోదు. నీళ్లు ఎటు పోతే నైట్రేట్ అటు. ఇసుకపాలు ఎక్కువున్న నేల తడిసి నిండాక పడే ప్రతి అంగుళం వాన నైట్రేట్‌ను అరడుగు చుట్టూ కిందికి తోస్తుంది. నాలుగంగుళాల ముసురు పడితే రెండడుగులు దిగిపోయిందన్నమాట.

యూరియా సంగతి కొంచెం చిత్రంగా ఉంటుంది. బస్తాలో ఉన్నప్పుడు దానికి ఏ ఆవేశమూ లేదు, కాబట్టి కరిగిన వెంటనే నీళ్లతో పోతుంది. మన్నులో రెండు మూడు రోజుల నుంచి వారం లోపు అమ్మోనియంగా మారుతుంది. అమ్మోనియానిది ధనావేశం, మన్ను దాన్ని గట్టిగా పట్టుకుంటుంది. ఆ తర్వాత మెల్లగా నైట్రేట్ అయి మళ్లీ కాలు కదుపుతుంది. అందుకే యూరియా వేసిన మొదటి రెండు రోజులు గండం. 2015 నుంచి మన దేశంలో తయారయ్యే యూరియాకు వేప పూత ఉంటోంది, ఇంక భయం లేదు అనుకునేవాళ్లున్నారు. వేప పూత పనిచేసేది, అమ్మోనియం కాస్తా నైట్రేట్‌గా మారే దగ్గర. వేసిన రాత్రే కుండపోత పడితే అది కూడా ఏమీ చేయలేదు.

భాస్వరం కదలదు. పంటకాలమంతా కలిపి కొన్ని మిల్లీమీటర్లు నడిస్తే గొప్ప. ఎర్రనేలలో ఇనుము, అల్యూమినియం దాన్ని పట్టేసుకుంటాయి, రేగడిలో సున్నం పట్టేసుకుంటుంది. అది వేరు దగ్గరికి రాదు, వేరే దాని దగ్గరికి పోవాలి. వేరును అంటుకుని బతికే బూజు పోగులు వేరు అందుకోలేని సందుల్లోకి పోయి కొంత తెచ్చిపెడతాయి. మన్నును పిండి చేసిన ప్రతిసారీ ఆ పోగులు తెగిపోతాయి. పొటాష్ ఈ రెండింటికీ మధ్యలో: రేగడిలో నిలబడుతుంది, చెల్కలో జారుతుంది.

దీన్నిబట్టి పత్తి మీద పైపాటుగా డీఏపీ చల్లడం ఎంత వృథానో మీరే ఆలోచించండి. అది పడ్డ చోటే ఉంటుంది, పైన రెండంగుళాలు ఎండిపోతే అక్కడ వేరే ఉండదు. బీటీ పత్తికి ఎకరాకు 150 కిలోల సూపర్ ఫాస్ఫేట్ మొత్తం దుక్కిలోనే వేసి, యూరియా 33 కిలోలు, పొటాష్ 10 కిలోల చొప్పున 20, 40, 60, 80 రోజులకు నాలుగు దఫాలు వేయమని వ్యవసాయ విశ్వవిద్యాలయం చెబుతున్నది ఇందుకే. భాస్వరం పక్కనుంచి వేరు పోవాలి, నత్రజని వేరు పక్కనుంచి పోతుంది.

మీది చెల్క అయితే

చెల్కకు ఎరువు వేయడమంటే చిల్లుకుండలో నీళ్లు పోయడం. ఒకేసారి కడవెడు పోస్తే లాభం లేదు, చెంబెడు చెంబెడు పోయాలి. పైన చెప్పిన నాలుగు దఫాలను కూలీ ఖర్చుకు జంకి రెండు చేయకండి. ఆకాశం చూసి, ఫోన్‌లో వాన సూచన చూసి, గట్టి వాన ఉందంటే రెండు రోజులు ఆగండి. మొక్కకు జానెడు దూరంలో చిన్న గుంత తీసి వేసి మన్ను కప్పండి.

ఇక చిల్లు పూడ్చే పని. చెల్కకు తక్కువైంది సన్న రేణువులు, అవి చెరువులో ఉన్నాయి. పూడిక మట్టి తోలే ముందు దాన్ని కూడా గ్లాసు పరీక్షలో పెట్టి చూడండి. మసక తేరకపోతే ఆ చౌడును మీ చేనుకు తెచ్చుకోకండి. లెక్క ఇలా వేసుకోవచ్చు: ఎకరం మీద సెంటీమీటరు మందం పరవాలంటే 40 ఘనపు మీటర్లు కావాలి, 100 ఘనపుటడుగుల ట్రాలీ అయితే 14 ట్రిప్పులు. ఏప్రిల్, మే నెలల్లో తోలి, కుప్పలు పరిచి, ఎండకు పగలనిచ్చి, తొలకరి పడ్డాక కలియదున్నండి. కుప్పలుగా వదిలేస్తే అక్కడ పంట ఒకలా, పక్కన ఇంకోలా వస్తుంది. డబ్బులు తక్కువుంటే ఎకరమంతా పల్చగా చల్లకుండా ఒక పది గుంటలకు (పావెకరానికి) సరిగ్గా వేయండి, మరుసటి ఏడాది ఇంకో పది గుంటలకు.

పాలమూరులో మంద పెట్టించే అలవాటు ఇంకా బతికే ఉంది. గొర్రెల మంద నాలుగు రాత్రులు పడుకున్న చెల్కకూ, పడుకోని చెల్కకూ తేడా పెళ్ల పరీక్షలో కూడా కనబడుతుంది. మంద లేచిన రెండు మూడు రోజుల్లో పైపైన దున్ని కలిపేయండి. అలాగే వదిలేస్తే మూత్రంలోని నత్రజని గాలికి పోతుంది. ఆ ఘాటు వాసన వచ్చిందంటే మీ డబ్బులు ఎగిరిపోతున్నట్టే.

పల్లి వేసేవాళ్లకు ఒక మాట. కాయకు కావలసిన కాల్షియం వేరు నుంచి పైకి పోయి మళ్లీ కిందికి రాదు. ఊడ (పూత నుంచి నేలలోకి దిగే కాడ) దిగిన చోట మన్నులోంచి కాయే నేరుగా పీల్చుకోవాలి. కాబట్టి ఎకరాకు 200 కిలోల జిప్సం పూత, ఊడల దశలో మొక్క మొదళ్లలోనే పడాలి. పైన చెక్కు కట్టి ఊడ దిగకపోతే జిప్సం వేసీ ఉపయోగం లేదు, ముందు గుంటుక తిప్పి చెక్కు పగలగొట్టాలి.

మీది రేగడి అయితే

రేగడికి ఆకలి తక్కువ, అలక ఎక్కువ. తడిగా ఉన్నప్పుడు ముట్టుకుంటే ఏడాదంతా సాధిస్తుంది. దున్నేముందు నాలుగంగుళాల లోతు నుంచి పిడికెడు మన్ను తీసి అరచేతుల మధ్య రుద్దండి. పెన్సిల్ మందాన పాములా సాగితే ఇంటికి వెళ్లిపోండి. సాగబోయి తునిగిపోతే ట్రాక్టర్ దింపండి. ట్రాక్టర్ దొరకడమే కష్టంగా ఉన్న రోజుల్లో ఈ సలహా ఎవరికీ నచ్చదని తెలుసు. కానీ బురద రేగడిలో చైన్ మిషన్‌తోనో టైర్ ట్రాలీతోనో ఒక్కసారి తొక్కించిన జాడ, మూడు పంటలు దాటినా పత్తి ఎత్తులో కనబడుతుంది. తప్పదనుకుంటే ట్రాలీని ఒకే బాటలో తిప్పండి, చేనంతా కాదు.

పగుళ్లు తేలిన రేగడిలో యూరియా చల్లి నీళ్లు పెట్టొద్దు. బావ వాళ్ల చేనులో సున్నం పోయిన దారినే అదీ పోతుంది. ముందు పల్చగా ఒక తడి ఇచ్చి పగుళ్లు మూసుకోనివ్వండి, ఆ తర్వాత పదునులో ఎరువు. లేదా గుంటుక తిప్పి పగుళ్ల నోళ్లు మూయండి.

ముసురు పట్టి నీళ్లు నిలిస్తే ఇంకో నష్టం. గాలి ఆడని మన్నులో సూక్ష్మజీవులు నైట్రేట్‌లోని ప్రాణవాయువును వాడుకుని, నత్రజనిని వాయువుగా వదిలేస్తాయి. ఎరువు కిందికీ పోలేదు, పక్కకూ పోలేదు, పైకి పోయింది. వేరు కూడా ఊపిరాడక తినడం మానేస్తుంది. అప్పుడు నేలలో ఎంత పోసినా దండగ. కాలువలు తీసి నీళ్లు బయటికి పంపి, లీటరు నీటికి 10 గ్రాముల 13-0-45 (పొటాషియం నైట్రేట్) గానీ 20 గ్రాముల యూరియా గానీ ఆకు మీద కొట్టండి. నేల ఆరాక మామూలు దఫా వేయొచ్చు. వచ్చే ఏడాది నుంచి బోదెల మీద విత్తుకుంటే ఈ టెన్షన్ సగం తగ్గుతుంది.

గ్లాసులో మసక తేరని రేగడికి జిప్సం మందే, కానీ పరీక్ష చేయించి మోతాదు తెలుసుకున్నాకే. జిప్సంలోని కాల్షియం సోడియాన్ని పక్కకు నెడుతుంది అంతే. నెట్టిన సోడియం నీళ్లతో చేను దాటి పోవాలి. మురుగు కాలువ లేకుండా జిప్సం వేస్తే దొంగను ఒక గదిలోంచి ఇంకో గదిలోకి తరిమినట్టు.

గట్టి పొర దొరికితే

టేపుతో కొలిచిన లెక్క ఇక్కడ కావాలి. పొర అడుగుభాగం ఎక్కడుందో దానికి రెండంగుళాలు కిందిదాకా ఉలి నాగలి (లోతుగా దిగి గట్టి పొరను చీల్చే నాగలి) దిగాలి. అంతకన్నా లోతు అనవసరం, డీజిల్ దండగ. ఎండాకాలం లోపలి మన్ను ఎండి ఉన్నప్పుడే వేయించండి. ఎండినది పెళపెళా విరుగుతుంది, తడిది వెన్నలా కోసుకుని మళ్లీ అతుక్కుంటుంది. అడుగున్నర, రెండడుగుల ఎడంగా చాళ్లు, వాలుకు అడ్డంగా. మొరం పైనే ఉన్న చెల్కలో ఈ పని పెట్టుకోకండి, కంకర పైకి వచ్చి మిగిలిన మన్ను కూడా చెడుతుంది.

నేను చేసిన తప్పు చెబుతాను. విరగ్గొట్టించాను, సంతోషపడ్డాను, అదే జూన్‌లో అలవాటుగా మళ్లీ రోటవేటర్ పెట్టించాను. దీపావళికి గుచ్చి చూస్తే చాకు పాత చోటే ఆగింది. విరిగిన సందులను వేళ్లతో నింపకపోతే అవి మూసుకుపోతాయి. ఉలి నాగలి తర్వాత కందిగానీ ఆముదంగానీ వేయండి, లేదంటే జనుము చల్లి పూతకొచ్చాక కలియదున్నండి. కంది వేరు చచ్చాక మిగిలే బొక్క వచ్చే ఏడాది పత్తి వేరుకు సొరంగం.

వరి మడి అయితే

వరికి లెక్క తలకిందులు. దమ్ము చేయడమంటేనే మన్ను కట్టును చెడగొట్టి కింద పొర కట్టించడం. ఆ పొర ఉంటేనే బోరు నీళ్లు మడిలో నిలబడతాయి. మళ్లీ వరే వేసే మడిలో దాన్ని విరగ్గొట్టకండి. యూరియా వేసేరోజు నీళ్లు తీసేసి, బురద పదునులో చల్లి, 36 నుంచి 48 గంటల తర్వాత పల్చగా నీళ్లు పెట్టండి. చెల్క మడుల్లో పొటాష్‌ను సగం ఆఖరి దమ్ములో, సగం అంకురం దశలో (వెన్ను పుట్టడం మొదలయ్యేటప్పుడు) వేయండి.

చిక్కంతా వరి మానుకుని మక్కనో పల్లినో వేసే ఏడాది వస్తుంది. నీళ్లు తగ్గిన యాసంగుల్లో ఇప్పుడు చాలామంది చేస్తున్న పనే ఇది. వరి కోసిన మడిలో అలాగే కల్టివేటర్ కొట్టి పల్లి వేస్తే వేరు దమ్ము పొర దగ్గరే ఆగుతుంది. ముందు చాకు గుచ్చండి, ఆ తర్వాతే విత్తనాల సంగతి.

బత్తాయి తోటలో డ్రిప్పు

ఒక డ్రిప్పర్ కింద గంట నీళ్లు వదిలి, మర్నాడు పక్కనుంచి కోసి చూడండి. చెల్కలో తడి ముల్లంగిలా సన్నగా, లోతుగా దిగి ఉంటుంది. రేగడిలో గుమ్మడికాయలా పక్కలకు ఉబ్బి ఉంటుంది. ఎరువు ఉండేది ఆ ఆకారం లోపలే. ముల్లంగి నేలలో చెట్టుకు రెండు డ్రిప్పర్లు పెట్టి గంటల తరబడి వదిలితే ఎరువంతా పీచువేళ్లను దాటి కిందికి పోతుంది. డ్రిప్పర్లు పెంచి, సమయం తగ్గించి, తరచుగా ఇవ్వండి. ఎరువును మొదట్లోనే వదలకండి. మూడు వంతుల్లో మొదటి వంతు ఉత్త నీళ్లు, నడిమి వంతులో ఎరువు, చివర పైపులు కడిగేంత వరకే మళ్లీ ఉత్త నీళ్లు. చివరి వంతు ఎక్కువైతే మీరే తోసినట్టు.

తవ్వేటప్పుడు తెల్లటి సుద్ద పొర తగిలితే లోతు రాసుకోండి. లేత ఆకులు ఈనెలు పచ్చగా, మధ్యలో పసుపుగా ఉన్నాయంటే ఇనుము లేక కాదు, ఆ సుద్ద దాన్ని కరగనివ్వక.

మూడు గుంతల లోతులు, చాకు ఆగిన చోటు, పైపులో పట్టిన నిమిషాలు ఒక కాగితం మీద రాసి భూసార కార్డు వెనక పిన్ను కొట్టుకోండి. వచ్చే ఏడాది అదే నెలలో, అవే చోట్లకు మూరెడు పక్కన మళ్లీ తవ్వండి. గుంతలు పూడ్చేటప్పుడు కింది మన్ను కిందికి, పై మన్ను పైకి పోవాలి, కాబట్టి తవ్వేటప్పుడే రెండు కుప్పలుగా వేసుకోండి. పొద్దు గూకేలోపు పూడ్చేయండి. రేపు పూడుద్దాంలే అని నేను వదిలేసిన గుంతలో మా దూడ కాలు పడి, వారం రోజులు కుంటింది.